గొర్రెలు నాకిన గోడ

మా అత్తయ్య బోడిల్ మా మామయ్యతో పధ్నాలుగేళ్ళుగా మాట్లాడటం లేదని పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదు. చెప్పినా మానేసేదాన్ని కాదనుకోండి, మా ఆయన లౌస్ట్ అంటే నాకప్పుడు అంత పిచ్చి. కాపురానికి వెళ్ళిన మొదటి పొద్దున్నే సంగతి తెలిసింది. బల్లకి అటు అత్తయ్య, ఇటు మామయ్య, మధ్యలో బార్లీ జావ గిన్నె.

"అమ్మాయ్, మీ మామయ్యకి ఇంకాస్త జావ కావాలేమో అడుగు," అంది అత్తయ్య. చెయ్యి చాపితే ఆయన భుజం తగిలేంత దగ్గర్లో కూర్చుని ఉంది.

వేళాకోళమనుకుని నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

"చాలని చెప్పు," అన్నాడు మామయ్య, గిన్నెకేసి చూస్తూ.

"చాలంట అత్తయ్యా."

అంతకుముందు ఆ మాటలు మోసే పని లౌస్ట్‌ది. "పదేళ్ళప్పటినుంచీ మోస్తున్నాను సిద్సెల్, ఇక నీ వంతు," అని నవ్వుతూనే నాకు అప్పగించి, ఈస్టర్ వెళ్ళిన వారానికి ఐస్‌లాండ్‌కి చేపల వేటకి పడవెక్కేశాడు. మళ్ళీ రావడం శరదృతువులోనే. నాకు అప్పటికి మూడో నెల. 1908 వేసవి అది.

మామయ్య టోగర్ మా చర్చికి కాపరి. గంట కొట్టడం, గోతులు తవ్వడం, గోడలకి సున్నం వెయ్యడం అన్నీ ఆయనే. సమాధుల ప్రహరీని ఆనుకుని ఉన్న మా ఇల్లు ఆ ఉద్యోగంతో వచ్చిందే. సమాధుల మీద గడ్డి పెరక్కుండా మేసే ఐదు గొర్రెలూ అంతే. కాపరి కాకముందు సముద్రపు పాయ ఒడ్డున కొట్టులో హెర్రింగ్ చేపలకి ఉప్పు పట్టేవాడట. ఆ పని మానేసి అన్నేళ్ళయినా ఆయన వేళ్ళ సందులు పగిలే ఉండేవి.

అత్తయ్య చేప నోట పెట్టేది కాదు. సముద్రం పక్కన పుట్టిపెరిగి చేప తినని మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను. మాకు వండి పెట్టేది, మూడుసార్లు చేతులు కడుక్కునేది, తను మాత్రం పందికొవ్వు ముక్కతో రొట్టె తినేది. నేను కడుపుతో ఉన్నానని చెబితే "సరే" అంది. ఒక్క ఊలు పోగు తియ్యలేదు, ఒక్క మాట అడగలేదు. ఒకటే చెప్పింది:

"చర్చి ఉత్తరం గోడ వైపు వెళ్ళకు."

"ఎందుకత్తయ్యా?"

"వెళ్ళకన్నాను కదా."

ఆవిడ మాత్రం రోజూ వెళ్ళేది.

పెంతెకొస్తు పండక్కి ముందు చర్చికి సున్నం వెయ్యాలి. గుంటలో ఏడాదిగా నానిన సున్నాన్ని తీసి, నీళ్ళు పోసి, గోనెగుడ్డలో వడగట్టి ఇచ్చేది అత్తయ్య. మామయ్య అందులో మజ్జిగ కలిపి, నిచ్చెనెక్కి కుంచెతో పూసేవాడు. నాలుగు రోజుల్లో చర్చి గుడ్డుపెంకులా తెల్లబడింది, ఒక్కచోట తప్ప. ఉత్తరం గోడలో పూర్వం ఒక తలుపు ఉండేది. ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. ఆ మూతలో, నా నడుం ఎత్తున, జల్లెడంత మేర సున్నం నిలవలేదు. పొద్దున్న పూస్తే సాయంత్రానికి పొరలుగా లేచిపోయేది. వాన వచ్చే ముందు అక్కడ తడి ఊరి, కిందికి రెండు మూడు చారలు కారేవి. ఊళ్ళోవాళ్ళు గడ్డి కొయ్యబోయే ముందు దారిలో ఆగి అటు చూసుకుని వెళ్ళేవాళ్ళు. "కాపరి గోడ ఏడుస్తోంది, ఇవాళ కొడవలి తియ్యకండిరా," అనుకునేవాళ్ళు.

మామయ్య ఆ మచ్చ మీద ఐదోసారి సున్నం వెయ్యడం చూసి, "వదిలెయ్యండి మామయ్యా, పాత గోడ కదా," అన్నాను.

"ఈసారి నిలుస్తుంది," అన్నాడు.

పండగ వెళ్ళిన మంగళవారం మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. మా ఊళ్ళో గాలి ఆగదు. ఆగిందంటే జనం చేతిలో పని వదిలి తలెత్తి చూస్తారు. ఉతికిన దుప్పట్లు తీగ మీద కదలకుండా వేలాడుతున్నాయి. గొర్రెల మెడల్లో గంటలు కూడా వినబడటం లేదు. ఎటు పోయాయా అని వెతుక్కుంటూ, అత్తయ్య వద్దన్న మాట మరిచి, చర్చి చుట్టూ తిరిగి ఉత్తరం వైపుకి వచ్చాను.

ఐదు గొర్రెలూ గోడకి ఎదురుగా వరసగా నిలబడి ఉన్నాయి. వెనకవి ముందున్నవాటి మీదికి కాళ్ళెత్తి మరీ ఆ మచ్చని నాకుతున్నాయి. నాలుకలు ఇటుక మీద గీసుకుంటున్న చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు. నన్ను చూసి ఒక్కటీ బెదరలేదు. పక్కనే సమాధి రాయి మీద అత్తయ్య కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"నిరుడు ముగ్గురే వచ్చేవాళ్ళు," అంది నావైపు తిరగకుండానే. "ఈ ఏడు అందరూ వస్తున్నారు."

గొర్రెల్ని ఆవిడ 'వాళ్ళు' అంటోంది. ఇంతలో మామయ్య పారతో పరిగెత్తుకొచ్చాడు. చీమకి దారిచ్చి నడిచే మనిషి ఆ మూగజీవాల్ని పార కర్రతో బాదుతూ తరిమాడు. అత్తయ్య లేచి దులుపుకుంది.

"అమ్మాయ్, నోరులేని జీవాల్ని కొట్టొద్దని మీ మామయ్యకి చెప్పు."

చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన అప్పటికే పార కింద పడేసి కూర్చుండిపోయాడు.

ఆ సంగతి అత్తయ్య తమ్ముడు క్రెస్టెన్ ముందు పెట్టాను. ఆయన తాపీ మేస్త్రి, నేను బాబాయ్ అనేదాన్ని. బీరు గ్లాసు ఉంటే ఎంతసేపైనా కబుర్లు చెప్పేవాడు.

"నీకు తెలీదా అమ్మాయ్? పాతకాలంలో చర్చి కట్టేటప్పుడు బలిపీఠం కింద ఓ గొర్రెపిల్లని బతికుండగానే పూడ్చేవాళ్ళంట, గోడలు కదలకుండా. అది ఇప్పటికీ లోపల తిరుగుతూనే ఉంటదంట. తోటివాళ్ళని పిలుస్తోందేమో."

"మీరు నమ్ముతారా బాబాయ్?"

"నేను గోడలు కట్టేవాణ్ణి. గోడల గురించి ఏం చెప్పినా నమ్ముతాను. మనుషుల గురించి చెప్తే మాత్రం ఆలోచిస్తాను."

జూన్ రెండో వారంలో రాజధాని నుంచి హోల్బెక్ గారు దిగాడు. పాత చర్చిల్ని కొలిచి, బొమ్మలు గీసి, పుస్తకంలో ఎక్కించే మనిషి. సన్నగా, పొడుగ్గా, మడత విప్పిన కొలబద్దలాగే ఉండేవాడు. రెండు రోజులు చర్చి అంగుళం అంగుళం కొలిచాడు. పునాది రాళ్ళ కింద వేళ్ళు పెట్టి తడిమాడు. పొలాల్లో దొరికిన గ్రానైటు గుండ్లని నలుచదరంగా చెక్కి, చెక్కిన ప్రతివాడూ తన గుర్తు తన రాయి మీద పెట్టుకున్నాడని మాకు చూపించాడు. అన్నాళ్ళూ ఆ గీతల్ని నేను గీతలనే అనుకున్నాను.

భోజనం మా ఇంట్లోనే. మొదటి రోజే నన్ను పక్కకి పిలిచి, "మీ మామగారికి చెవుడా?" అని అడిగాడు. "కాదండీ, అత్తయ్యకి మౌనం," అన్నాను. ఆ తర్వాత ఇంకేం అడగలేదు. చదువుకున్నవాళ్ళలో అలాంటివాళ్ళు తక్కువ.

మూడో రోజు ఉత్తరం తలుపు దగ్గర నిలబడ్డాం అందరం. పైన అర్ధచంద్రం లాంటి కమాను రాయి, దాని మీద మనిషి తలని నోట కరుచుకున్న సింహం.

"ఇది ఆడవాళ్ళ తలుపు," అన్నాడు హోల్బెక్ గారు. "మగవాళ్ళు దక్షిణం నుంచి వచ్చేవారు, మీరు ఇటునుంచి. చర్చి కట్టి ఎనిమిది వందల ఏళ్ళు. బురుజు, అటువైపు వసారా, అవన్నీ మూడొందల ఏళ్ళ తర్వాత ఇటుకతో కట్టినవి. ఈ తలుపు మాత్రం మొదటినాటిది. ఇంత చక్కగా మిగిలింది ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు."

"మరి మూశారెందుకు?" అంది అత్తయ్య.

"కొందరు చలికని అంటారు. కొందరు, కేథలిక్కులు ప్రొటెస్టెంట్లుగా మారాక ఆడవాళ్ళకి వేరే దారి అక్కర్లేదని అంటారు."

"చలికే," అన్నాడు మామయ్య. "తెరిస్తే గాలి తిన్నగా బలిపీఠం మీదికి కొడుతుంది. తెరవడమెందుకు?"

హోల్బెక్ గారు వేలి మెటికతో ఇటుకల్ని తట్టుకుంటూ వెళ్ళాడు. గట్టి చప్పుడు, గట్టి చప్పుడు, మచ్చ దగ్గరికి వచ్చేసరికి డొల్లగా మోగింది. అక్కడి పొడి కాస్త గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు. "అదీ సంగతి. ఉప్పున్న గోడ మీద సున్నం వెయ్యేళ్ళు వేసినా నిలవదు. గాలిలో తడి పెరిగితే పీల్చుకుని కారుతుంది. మీ గొర్రెలకి దయ్యమూ లేదు, భూతమూ లేదు."

"మరి ఇంతమేరే ఎందుకుందండీ?" అన్నాడు క్రెస్టెన్ బాబాయ్.

"అదే చూడాలి. ఇటుక తీస్తే తెలుస్తుంది."

మామయ్య తన చేతులు పైకెత్తి చూసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి. ఏదైనా గుచ్చుకుందేమో అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర హోల్బెక్ గారు మాటల్లో మాటగా ఇంకో ఊరి చర్చి సంగతి చెప్పాడు. నేల పలకలు లేపితే కింద చిన్న చిన్న మూటలు దొరికాయట.

"ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డలు. బాప్తిస్మం అందని బిడ్డకి సమాధుల్లో చోటివ్వని పాదిరీలు ఉండేవారు కదా. తల్లులో, తండ్రులో, కాపరులో ఎవరో రహస్యంగా తెచ్చి దాచేవారు. పాపం, పేర్లు కూడా లేవు. అన్నిటినీ రాజధానికి పంపాం. పెట్టెల్లో, నెంబర్లు వేసి, భద్రంగా ఉన్నాయి."

అత్తయ్య చేతిలో రొట్టె ముక్క అలాగే బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయింది. మామయ్య మొహం గోడకి వేసిన సున్నంలా ఉంది. సెయింట్ జాన్ పండగ వెళ్ళిన మర్నాడు తలుపు తెరవాలని ఆ బల్ల దగ్గరే నిర్ణయమైపోయింది.

ఆదివారం ప్రార్థనకి అత్తయ్య పక్కన కూర్చున్నాను. మా చర్చిలో ఆడవాళ్ళు ఉత్తరం వైపు బల్లల మీద, మగవాళ్ళు దక్షిణం వైపు కూర్చుంటారు. అత్తయ్యది గోడవార చివరి చోటు, మూసిన తలుపుకి సరిగ్గా ఇవతల. ఎండాకాలంలో కూడా చెమ్మగా ఉండే చోటది. పాట పాడేటప్పుడు అందరూ లేచారు, ఆవిడ లేవలేదు. రెండు చేతులూ గుండెకి అడ్డంగా పెట్టుకుని ఉంది.

"ఒంట్లో బాలేదా అత్తయ్యా?"

"ఇక్కడ కూర్చుంటే నాకు ఎప్పుడూ ఇంతే," అంది చాలా మెల్లిగా. "రొమ్ము చేపినట్టుంటుంది. లౌస్ట్ పుట్టినప్పుడు ఉండేది చూడు, అలాగ. పధ్నాలుగేళ్ళయింది. ఎవరికీ చెప్పకు, పిచ్చిదంటారు."

ఆవిడకి అప్పుడు నలభై ఆరేళ్ళు. నా కడుపులో బిడ్డ మొదటిసారి కదిలింది ఆ పూటే. గోడ వైపుకి కదిలింది. అలా అని రాస్తే నవ్వుతారని తెలుసు, కానీ నాకు తెలిసింది అలాగే.

సెయింట్ జాన్ పండగకి ముందు రోజు సాయంత్రం ఊరంతా పాయ ఒడ్డున మంట వేశారు. ఆ రోజుల్లో మాకు పొద్దు గుంకనే గుంకదు. మంట కూడా వెలవెలబోయేంత వెలుగు. నడుం లాగుతోందని నేను ముందే ఇంటికి బయల్దేరాను. ప్రహరీ దాటుతుంటే గీకుతున్న చప్పుడు వినబడింది. గొర్రెలనుకున్నాను.

మామయ్య. మోకాళ్ళ మీద ఉన్నాడు, చేతిలో తాపీ. మచ్చ మధ్యలో ఒక ఇటుక చుట్టూ సున్నం గీకేశాడు. వేళ్ళు రక్తం కారుతున్నాయి.

"ఈ ఏడాది తొమ్మిది గోతులు తవ్వాను," అన్నాడు నన్ను చూసి. "ఒక్క ఇటుక రావడం లేదు సిద్సెల్."

ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. పక్కన కూర్చున్నాను. అడక్కుండానే చెప్పాడు.

"ఆడపిల్ల. మార్చిలో. ఏడవలేదు. అప్పటి పాదిరి, చచ్చి ఏ లోకాన ఉన్నాడో, బాప్తిస్మం లేదు కాబట్టి ప్రహరీ బయట గుంటలో వెయ్యమన్నాడు, ఉరేసుకున్నవాళ్ళ పక్కన. అక్కడ కుక్కలు తవ్వుతాయి. నేను కాపరిగా చేరి అప్పటికి నెల. ఈ తలుపులో ఇటుకలు ఊడుతున్నాయి, బాగుచెయ్యమని నాకే చెప్పారు. ఐదు ఇటుకలు తీశాను. లోపల రాళ్ళ మధ్య ఓ చిన్న చేపల పీపా పట్టేంత సందుంది. పిల్లని పీపాలో పెట్టి దూర్చాను. మూత నా వైపుకే పెట్టుకున్నాను, ఎప్పుడైనా ఇటుక తీసి బోడిల్‌కి చూపించాలని."

"అత్తయ్యకి ఏం చెప్పారు?"

"సముద్రంలో వదిలేశానని."

నాకు ఆవిడ కడుక్కునే చేతులు గుర్తొచ్చాయి. పధ్నాలుగేళ్ళు ఏ చేప చూసినా ఏం అనుకునేదో.

"నిజం చెప్పొచ్చు కదా మామయ్యా."

"ఆవిడకి అబద్ధం రాదు. పాదిరి అడిగితే చెప్పేసేది. పిల్లని తీయించి పారేసేవాడు. ఆయన పోయాక చెబుదామనుకున్నాను. తొమ్మిదేళ్ళు బతికాడు మహానుభావుడు. అప్పటికి బోడిల్ నా మొహం చూడటమే మానేసింది. చూడని మనిషితో ఏమని మొదలుపెట్టేది? లౌస్ట్ ద్వారా చెప్పించనా, జావ కావాలా అని అడిగించినట్టు?"

తాపీ పక్కన పెట్టి అరచేతులు చూసుకున్నాడు మళ్ళీ.

"ఉప్పులో పెట్టాను. చలికి ఒళ్ళు గట్టిపడి ఉంది, అయినా ఉప్పు పట్టాను. పీపా అంటే ఉప్పు వెయ్యాలి, అంతే తెలుసు ఈ చేతులకి. చెడిపోకుండా ఉంచడానికి నాకు తెలిసిన పని అదొక్కటే. పధ్నాలుగేళ్ళు సున్నం వేశాను ఈ మచ్చ మీద. నేను పెట్టిన ఉప్పే తోసేస్తోందని మొన్న ఆ పెద్దమనిషి చెప్పేదాకా తెలీదు."

"ఇప్పుడేం చేస్తారు?"

"తీసి పాయలో వదిలేస్తాను. అప్పుడు అబద్ధం చెప్పాను. దాన్ని నిజం చేస్తే అయిపోతుంది. ఎల్లుండి ఆయన చేతికి దొరికితే పెట్టెలో పెట్టి నెంబరు వేస్తాడు."

ఇటుక రాలేదు. ఒడ్డునుంచి జనం పాటలు పాడుకుంటూ తిరిగొచ్చే వేళయింది. నేనే ఆయన్ని లేపి ఇంటికి తీసుకొచ్చాను. గడప దగ్గర ఆగి, "మీ అత్తయ్యకి చెప్పకు," అన్నాడు.

మర్నాడంతా ఆ మాట నా కడుపులో బిడ్డ పక్కన ఇంకో బిడ్డలా బరువుగా ఉంది. ఆ ఇంట్లోకి అడుగు పెట్టినప్పటినుంచీ ఇటు మాట అటు, అటు మాట ఇటు మోశాను. సొంతంగా ఒక్కటి చేర్చలేదు, ఒక్కటి దాచలేదు. మధ్యాహ్నం అత్తయ్య పెరట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. మామయ్య గంట మెట్లు తుడవడానికి బురుజెక్కాడు. ఆవిడ ఎదురుగా పీట వేసుకుని నేనూ ఒక దుంప తీసుకున్నాను.

"అత్తయ్యా, మామయ్య మీకో మాట చెప్పమన్నారు."

"ఏంటంట?"

"సముద్రంలో వెయ్యలేదంట."

చెక్కు తెగకుండా గుండ్రంగా దిగుతోంది ఆవిడ కత్తి కింద. ఆ దుంప పూర్తయింది. ఇంకో దుంప తీసుకుంది. అది కూడా పూర్తయింది.

"ఉప్పులో పెట్టాడా?" అంది.

"అవునంట."

ఒడిలో తొక్కలు దులుపుకుని లేచింది. నేను వెనకే వెళ్ళాను. మిట్టమధ్యాహ్నపు ఎండ. మళ్ళీ గాలి లేదు. గొర్రెలు ఐదూ గోడ దగ్గరే ఉన్నాయి. ఆవిడ వాటిని తరమలేదు. వాటి మధ్యలోంచి చోటు చేసుకుంది, అవి కూడా ఒత్తిగిల్లి చోటిచ్చాయి. రెండు అరచేతులూ గోడకి ఆనించి, వంగి, నాలుకతో ఆ మచ్చని నాకింది. ఒకసారి. ఆగి, ఇంకోసారి. తర్వాత నుదురు అక్కడే ఆనించి అలా ఉండిపోయింది. ఆవిడ రవిక ముందు భాగం తడిసి ఉండటం నేను చూశాను. గోడ తడే అయి ఉండాలి. అలాగే అనుకుంటూ వస్తున్నాను ఇప్పటికీ.

ఎల్లుండి అన్న రోజు వచ్చింది. క్రెస్టెన్ బాబాయ్ ఉలి, సుత్తి తెచ్చాడు. హోల్బెక్ గారు పుస్తకం, పెన్సిలు తెచ్చాడు. మామయ్య కాస్త దూరంగా నిలబడ్డాడు. గీకి ఉన్న ఇటుకని చూసి బాబాయ్, "దీన్ని ఎవరో ముందే ఒదులు చేశారే," అని గొణిగి, రెండు దెబ్బల్లో ఊడదీశాడు.

లోపల్నించి చల్లటి ఊపిరి లాంటిది వచ్చింది. ఉప్పునీటి వాసన, పాత చెక్క వాసన. గొర్రెలు దూరంనుంచి తలలెత్తాయి. బాబాయ్ కంతలోకి మొహం పెట్టి చూశాడు, చెయ్యి పెట్టి తడిమాడు. వెనక్కి వచ్చినప్పుడు ఆయన మొహంలో కబుర్లు లేవు.

"ఏముంది?" అన్నాడు హోల్బెక్ గారు.

"మీరే చూడండి."

ఆయన కూడా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "పీపా అడుగు. దాని మీద కాల్చిన ముద్ర ఉంది. ఎవరిది?"

"పాయ ఒడ్డున ఉప్పుకొట్టుదండి. మూసేసి పధ్నాలుగేళ్ళయింది," అన్నాడు బాబాయ్. అని, మామయ్య వైపు చూడకుండా ఉండటానికి ఉలి మొన పరీక్షిస్తూ నిలబడ్డాడు.

హోల్బెక్ గారు చూశాడు. మామయ్య అప్పటికే టోపీ తీసి పట్టుకుని ఉన్నాడు, శవం వెళ్తున్నప్పుడు పట్టుకున్నట్టు.

అప్పుడు వచ్చింది అత్తయ్య, చేతిలో సున్నం బొక్కెన. నన్ను దాటింది, హోల్బెక్ గారిని దాటింది, మామయ్య ముందుకు వెళ్ళి బొక్కెన దించింది.

"టోగర్," అంది. "నువ్వు కలిపిన సున్నం పల్చగా ఉంది. ఇది నిలవదు."

మామయ్య నా వైపు తిరిగాడు. అలవాటు కదా, నేను చెబుతానని చూశాడు. నేను నోరు విప్పలేదు. ఆయన మళ్ళీ ఆవిడ వైపు తిరగడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను. పైన బురుజు మీద కాకులు రెండు మూడు చుట్లు తిరిగాయి.

"ఎంత చిక్కగా కలపమంటావు?" అన్నాడు.

"మీగడంత. నిలవకపోతే మళ్ళీ వేద్దాం."

హోల్బెక్ గారు పుస్తకం మూశాడు. "ఎన్ని ఇటుకలు తీశావు మేస్త్రీ?"

"ఒక్కటేనండి."

"పెట్టెయ్. కమాను రాళ్ళు కదిలి ఉన్నాయి. తీస్తే మీద పడేలా ఉంది."

ఆ కమాను ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది. ఆయన పుస్తకం అచ్చయ్యాక పాదిరి గారింట్లో చూశాను. మా చర్చికి నాలుగు పేజీలు, కొలతలన్నీ ఉన్నాయి. ఉత్తరం తలుపు గురించి 'మూసి ఉన్నది, తెరవదగినది కాదు' అని ఒక్క వాక్యం.

ఆ సాయంత్రం బల్ల దగ్గర అత్తయ్య ఉప్పుచేప ముక్క ఒకటి తన రొట్టె మీద పెట్టుకుంది. ముళ్ళు తీసుకుంటూ నెమ్మదిగా తినేసి, గిన్నెలు తియ్యడానికి వంటింట్లోకి వెళ్ళింది. అప్పుడు క్రెస్టెన్ బాబాయ్ గొంతు తగ్గించి అడిగాడు.

"ముద్ర ఉండబట్టి నాకు అర్థమైంది గానీ బావా, అడుగు ఇవతలికి పెట్టావేం?"

"మూత ఇవతలికి పెట్టాను," అన్నాడు మామయ్య.

"కాదు బావా. మూత లోపలికి ఉంది, బలిపీఠం వైపుకి. అడుగు మనవైపు ఉంది. ముద్ర వేలితో తడిమాను కదా."

"మూత ఇవతలికే పెట్టాను క్రెస్టెన్. రాళ్ళ మధ్య బిగించాను. వేలు దూరదు."

మామయ్య లేచి చర్చి గంట కొట్టడానికి వెళ్ళాడు. ఆ పూట ఎన్నిసార్లు కొట్టాలో తప్పు లెక్కపెట్టాడు.

శరదృతువులో, లౌస్ట్ పడవ ఒడ్డుకి తగలక ముందే, నాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే ఏడ్చింది. అత్తయ్య చేతుల్లో తెల్లటి ఊలు శాలువా ఉంది, ఎప్పుడు అల్లిందో ఏమో. నేను లేచి తిరగగలిగిన రోజున పిల్లని దాంట్లో చుట్టి, నాతో పాటు ఉత్తరం గోడ దగ్గరికి నడిచింది. మీగడంత చిక్కగా వేసిన సున్నం అప్పటికే మళ్ళీ లేచిపోయింది. గొర్రెలు కాస్త అవతల మేస్తున్నాయి. ఇప్పుడు వాటిని ఎవరూ తరమడం లేదు.

నెలలుగా నా దగ్గర ఒక మాట ఉండిపోయింది. ఆ ఇంట్లో ఇక మోయాల్సిన మాటలు లేవు, వాళ్ళిద్దరూ పొద్దున లేస్తే సున్నం గురించి, జావలో ఉప్పు గురించి వాదించుకుంటున్నారు. ఇదొక్కటే మిగిలింది. భయపడుతూనే చెప్పాను. మామయ్య మూత ఇవతలికి పెట్టాడనీ, బాబాయ్ చూసినప్పుడు అది అటు తిరిగి ఉందనీ.

అత్తయ్య ఆశ్చర్యపోలేదు. గాలికి శాలువా ఎగరకుండా నా కూతురి తల చుట్టూ చెక్కుతూ, కొత్త విషయమేం కానట్టు అంది:

"ఇది ఉత్తరపు గాలి కదా. అటు తిరిగి పడుకుని ఉంటుంది."